మీరు ఎక్కడ ఉన్నారు? – ఉపగ్రహాల సాయంతో ఆడే దాగుడుమూతలు



ఈ పేజీలో నెల నెలా చక్కెర వ్యాధి గురించి, రక్తపోటు గురించి, బాలింత జాగ్రత్తల గురించి పాఠాలు చెప్పుకుంటున్నాము. ఈ నెల ఒక ఆట గురించి చెప్పుకుందాము. ఆసుపత్రి పత్రికలో ఆటల పాఠమేమిటని మీరు అనుకోవచ్చు. ముందుగా మాకు ఎదురైన ఒక సంగతి చెప్తాము, తరువాత మీరే ఆలోచించండి.

కొన్నేళ్ళ క్రితం వర్షాకాలంలో ఒక రాత్రి ఎనిమిది గంటలకు డ్యూటీ గదిలో ఫోను మోగింది.

"సిస్టరమ్మగారూ, మా బాబాయిని పాము కరిచిందండీ. తొందరగా బండి పంపండి."

"ఎక్కడున్నారు బాబూ?"

"లంకలోనండీ. అరటి తోటలో, మోటారు షెడ్డు దగ్గర."

బండి వెంటనే బయలుదేరింది. కరకట్ట దిగి లంకలోకి వెళ్ళిన తరువాత చూస్తే ఎటు చూసినా అరటి తోటలే, తోట తోటకూ ఒక మోటారు షెడ్డే. చీకటి, బురద. డ్రైవరు ఫోను చేస్తే వారు "కుడిచేతి వైపు రండి" అంటారు. ఎవరి కుడిచేయి? అలా తిరిగి తిరిగి మనిషిని చేరేసరికి ముప్పావు గంట అదనంగా పట్టింది. కరిచినది రక్తపింజరి. విషానికి విరుగుడు మందు ఎక్కించినా మూత్రపిండాలు దెబ్బ తిన్నాయి. పెద్దాసుపత్రికి పంపితే అక్కడ చాలా రోజులు డయాలసిస్ చేశారు. మనిషి దక్కాడు. కానీ ఆయన భార్య మమ్మల్ని అడిగిన మాట మాత్రం మాకు ఇంకా గుర్తే. "ఫోను చేశాం కదమ్మా, ఎందుకింత ఆలస్యమయ్యింది?"

ఆ రాత్రి వారి జేబులో మంచి ఫోను ఉంది. తాను ఎక్కడ ఉన్నదీ ఆ ఫోనుకు నాలుగైదు మీటర్ల తేడాతో తెలుసు. చెప్పడం వారికి తెలియలేదు, అడగడం మాకు తెలియలేదు. ఈ చిన్న విద్యను పిల్లలు కూడా సంతోషంగా నేర్చుకొనే దారి ఏదైనా ఉందా అని వెదికితే ఈ ఆట కనబడింది. అందుకే ఈ పాఠము.

1. ఏమిటీ ఆట?

దీని పేరు జియోకేషింగ్. 'జియో' అంటే భూమి, 'కేష్' అంటే దాచిపెట్టిన సామాను. ఒకరు చిన్న డబ్బాను ఆరుబయట ఎక్కడో దాచి, ఆ చోటు ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద ఉన్నదో అంకెలలో ప్రకటిస్తారు. మిగతావారు జి.పి.ఎస్. పరికరం లేదా ఫోను పట్టుకొని, ఆ అంకెలను బట్టి నడుచుకుంటూ వెళ్ళి డబ్బాను వెదుకుతారు. చిన్నప్పుడు మనం ఆడిన దాగుడుమూతలే. దాగినది మనిషి కాదు, డబ్బా.

డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దొరికినవారు అందులో పేరు, తేదీ రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే, ఉన్నది ఉన్నట్లుగా పెట్టి రావాలి. పెద్ద డబ్బా అయితే అందులో గోళీలు, బొమ్మలు, కీచైన్ల వంటివి ఉంటాయి. ఒకటి తీసుకుంటే అంతే విలువ గలది, లేదా ఇంకా మంచిది, బదులు పెట్టాలి. తినుబండారాలు, మందులు, సారా, ఆయుధాలు పెట్టరాదు. తినే వస్తువు పెడితే చీమలు, ఎలుకలు, కుక్కలు వచ్చి డబ్బాను పాడు చేస్తాయి. మందుల సంగతి మేము వేరే చెప్పనక్కరలేదు.

ప్రతి డబ్బాకు రెండు మార్కులు ఇస్తారు. కనిపెట్టడం ఎంత కష్టమో దానికి ఒకటి నుండి ఐదు వరకు, చేరుకొనే దారి ఎంత కష్టమో దానికి ఒకటి నుండి ఐదు వరకు. దారికి ఒకటి అని ఉంటే చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా చేరగలరు. ఈ పద్ధతి మాకు బాగా నచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ కూడా మనుమడితో కలిసి ఆడవచ్చు. ఎవరి శక్తి ఎంతో వారు ముందే చూసుకొని బయలుదేరవచ్చు.

2. ఎలా మొదలైంది?

ఉపగ్రహాలు లేని కాలంలోనే దీనికి ఒక అక్క ఉంది. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపే మనిషి ఒక సీసాను ఉంచి, అక్కడి దాకా నడచి వచ్చినవారు తమ పేరు చీటీలు అందులో వేసేటట్లు చేశాడు. అది 'లెటర్‌బాక్సింగ్' అనే ఆట అయింది.

జి.పి.ఎస్. అమెరికా సైన్యం కోసం ఏర్పడినది. సామాన్యులు వాడుకొనే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేవారు. దానివల్ల పరికరం చూపిన చోటుకు, నిజమైన చోటుకు వంద మీటర్ల వరకు తేడా ఉండేది. వంద మీటర్లంటే మన ఊరిలో ఒక వీధికీ మరో వీధికీ ఉన్న తేడా. అధ్యక్షుడు క్లింటన్ ప్రకటన ప్రకారం 2000 మే 1వ తేదీ అర్ధరాత్రి ఆ తప్పును తీసివేశారు. మే 3వ తేదీన డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర అడవిలో ఒక ప్లాస్టిక్ బకెట్టు దాచి, దాని అంకెలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అందులో పుస్తకాలు, కొంచెం డబ్బు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉన్నాయట. కొద్ది రోజులకే మైక్ టీగ్ అనే ఆయన దానిని మొదట కనుగొన్నాడు. అదే నెలలో మాట్ స్టమ్ అనే ఆయన 'జియోకేషింగ్' అనే పేరు సూచించాడు. ఇప్పుడు 190కి పైగా దేశాలలో 30 లక్షలకు పైగా డబ్బాలు ఉన్నాయి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలోనూ పిల్లలతో ఆదివారం సాయంత్రాలు పార్కులలో ఈ ఆట ఆడేవారున్నారు. మన దేశంలో ఇవి తక్కువే. ఉన్నవి కూడా ఎక్కువగా నగరాలలో, యాత్రాస్థలాలలో ఉన్నాయి.

3. ఫోనుకు ఎలా తెలుస్తుంది?

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఎక్కడ ఉన్నా తగినన్ని కనబడడానికి కనీసం 24 ఉండాలి. ఒక్కొక్క దానిలో చాలా కచ్చితమైన అణు గడియారం ఉంటుంది. ఉపగ్రహం "ఇప్పుడు నా టైము ఇంత, నేను ఇక్కడ ఉన్నాను" అని రేడియో సంకేతం పంపుతూనే ఉంటుంది. ఆ సంకేతం మన దగ్గరకు రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉన్నదో ఫోను లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనం ఉన్న చోటు తేలుతుంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, ఫోను ఉపగ్రహానికి ఏమీ పంపదు, వింటుంది అంతే. కాబట్టి సిమ్ సిగ్నల్ లేకపోయినా, డేటా అయిపోయినా ఫోనులో అంకెలు వస్తాయి. పటం బొమ్మ రాకపోవచ్చు, అంకెలు వస్తాయి. మొదటిసారి కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. రెండవది, ఆకాశం కనబడాలి. ఆరుబయట మామూలు ఫోను సుమారు ఐదు మీటర్ల తేడాతో చూపుతుంది. దట్టమైన తోటలో, ఎత్తయిన గోడల మధ్య, ఇంటి లోపల ఈ తేడా పెరుగుతుంది.

ఇది పరాయి దేశపు విద్య మాత్రమే కాదు. మన దేశం 'నావిక్' అనే సొంత ఏర్పాటు చేసుకున్నది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండే పంపారు. తపాలా శాఖ కూడా 2025లో 'డిజిపిన్' ప్రవేశపెట్టింది. దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి పది అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తు ఇచ్చారు. ఐ.ఐ.టి. హైదరాబాదు, ఇస్రో వారి జాతీయ దూర సంవేదన కేంద్రం దీనిలో పాలుపంచుకున్నాయి. డోరు నంబరు లేని అరటి తోటకు కూడా ఇప్పుడు విలాసం ఉన్నదన్నమాట.

4. కొల్లూరులు ఎన్ని ఉన్నాయి?

కొల్లూరు అనగానే మనకు మన ఊరే గుర్తు వస్తుంది. కోహినూరు వజ్రం దొరికిన చోటని చెప్పే కొల్లూరు మాత్రం మనది కాదు. అది ఎగువన పల్నాడు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఆ గనులను చూసి రాశాడు. ఇప్పుడు ఆ ప్రాంతం పులిచింతల జలాశయం నీటిలో ఉంది. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు దగ్గర మరొక కొల్లూరు ఉంది. కర్ణాటకలో మూకాంబిక గుడి ఉన్న కొల్లూరు ఇంకొకటి. నాలుగింటి పేరూ ఒకటే. అంకెలు మాత్రం వేరు. మన కొల్లూరు సుమారుగా 16.18 ఉత్తర అక్షాంశం, 80.80 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ అంకెలు ఇంకే కొల్లూరుకూ రావు.

అంకెలను చదివేటప్పుడు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

(అ) చుక్క తరువాత ఎన్ని అంకెలు ఉంటే అంత కచ్చితం. ఒక్క అంకె చెబితే సుమారు 11 కిలోమీటర్ల తేడా రావచ్చు. రెండు చెబితే ఒక కిలోమీటరు. మూడు చెబితే 110 మీటర్లు. నాలుగు చెబితే 11 మీటర్లు. ఐదు చెబితే ఒక మీటరు. ఆపదలో కనీసం నాలుగు అంకెలు చెప్పాలి. పైన మేము మన ఊరికి రెండే చెప్పాము. అది ఊరిని చూపుతుంది గాని ఇంటిని చూపదు.

(ఆ) ముందు అక్షాంశం, తరువాత రేఖాంశం. మన ప్రాంతంలో 16తో మొదలయ్యేది ముందు, 80తో మొదలయ్యేది వెనుక. తిరగవేసి చెబితే ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రం వస్తుంది. బండి అంత దూరం పోలేదు.

(ఇ) 16.18 వేరు, 16 డిగ్రీల 18 నిమిషాలు వేరు. గడియారంలో లాగే డిగ్రీకి 60 నిమిషాలు. 16.18 అంటే 16 డిగ్రీల 10.8 నిమిషాలు. ఈ రెంటినీ కలగలిపితే 13 కిలోమీటర్ల తేడా వస్తుంది. ఫోనులో ఏ పద్ధతిలో కనబడితే అదే పద్ధతిలో చదవండి.

(ఈ) ఒక్కొక్క అంకెనూ విడిగా పలకండి. "ఎనభై పాయింట్ డెబ్భై తొమ్మిది వందల" అనవద్దు. "ఎనిమిది, సున్న, చుక్క, ఏడు, తొమ్మిది" అనండి. విన్నవారిని తిరిగి చదవమనండి. వార్డులో డాక్టరుగారు ఫోనులో మందు మోతాదు చెప్పినప్పుడు మా సిస్టర్లు తిరిగి చదివి వినిపిస్తారు. ఇదీ అంతే.

5. మన దగ్గర ఆడదగిన చోట్లు

డబ్బా లేకుండా ఆడే ఆటలు కూడా ఉన్నాయి. 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికా ఆయన మొదలుపెట్టిన ఆటలో, అక్షాంశం రేఖాంశం రెండూ చుక్క తరువాత సున్నలతో సరిగా కలిసే బిందువుకు నడచి వెళ్ళి, అక్కడ ఏముందో ఫోటో తీసి నాలుగు మాటలు రాస్తారు. అటువంటి బిందువులు మనకు రెండు వైపులా ఉన్నాయి. 16, 80 కలిసే చోటు మార్టూరుకు పడమరగా ఉంది. 16, 81 కలిసే చోటు కృష్ణ అవతల దివిసీమలో ఉంది. అక్కడ రాయీ ఉండదు, గుడీ ఉండదు. ఒక పొలమో, ఒక గట్టో ఉంటుంది. కానీ పటంలో గీసిన గీతలు కాళ్ళ కింద కలిసిన చోట నిలబడితే పిల్లలకు భూగోళ శాస్త్రం జన్మంతా మరుపు రాదు.

దాచిన పెట్టె కథ మన పొరుగున ఉన్న భట్టిప్రోలులోనూ ఉంది. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపినప్పుడు రాతి పేటికలు, వాటి లోపల స్ఫటికపు భరిణె దొరికాయి. పేటికల మీది అక్షరాలు పండితులకు ఎంతో విలువైనవి అయినాయి. రెండు వేల ఏళ్ళకు పైగా పెట్టె పెట్టిన చోటనే ఉన్నది. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి "స్తూపం మెట్టు దగ్గర నిలబడి అంకెలు రాయండి, అక్కడి బోర్డు మీద ఏ సంవత్సరం ఉన్నదో చూసి రండి" అని పందెం పెట్టవచ్చు. అయితే రక్షిత కట్టడాలలో ఏమీ దాచరాదు, గోకరాదు, తవ్వరాదు.

6. మన ఆవరణలో ఆడించిన విధము

మా నర్సింగ్ విద్యార్థినులతో ఒక శనివారం సాయంత్రం దీనిని ఆడించాము. ఖాళీ మాత్రల డబ్బాలు ఐదు తీసుకొని, కడిగి ఆరబెట్టి, ఒక్కొక్క దానిలో చిన్న నోటుపుస్తకం, ఒక ప్రశ్న పెట్టాము. "లీటరు నీటికి పంచదార ఎన్ని చెంచాలు, ఉప్పు ఎంత?" అనేది ఒకటి. (ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి.) "కుక్క కరిస్తే మొదట ఏమి చేయాలి?" అనేది ఇంకొకటి. (సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. తరువాత టీకా.) జవాబు రాస్తేనే తరువాతి డబ్బా అంకెలు ఇచ్చాము.

ముగ్గురేసి జట్లుగా బయలుదేరారు. వేపచెట్టు దగ్గర డబ్బా ఎంతకీ దొరకలేదు. అంకెలు సరిగ్గా ఇక్కడే చూపిస్తున్నాయి, డబ్బా లేదు, మేడమ్ గారు తప్పు రాశారని ఒక అమ్మాయి అన్నది. ఫోను చూపడంలో ఐదు మీటర్ల తేడా ఉంటుందని చెప్పాము కదా. చెట్టు కొమ్మల కింద ఆ తేడా ఇంకా పెరిగింది. చివరకు ఫోను జేబులో పెట్టి కళ్ళతో వెదికిన అమ్మాయికి నీళ్ళ తొట్టి వెనుక డబ్బా దొరికింది. అంకెలు గుమ్మం దాకానే తీసుకువెళతాయి. లోపలికి మన కళ్ళే వెళ్ళాలి. మిషను చూపే నాడిని నమ్మి రోగి ముఖం చూడని నర్సుకు మేము చెప్పే మాట కూడా ఇదే.

ఆట అయ్యాక ప్రతి అమ్మాయిని తన ఇంటికి వెళ్ళినప్పుడు ఇంటి గుమ్మం, పొలంలో మోటారు షెడ్డు, రెంటి అంకెలూ రాసి తెమ్మన్నాము. చాలామంది రాసి తెచ్చారు. లంక నుండి వచ్చే ఒక అమ్మాయి వాటిని తండ్రి ఫోను కవరు వెనుక చీటీ మీద రాసి అతికించి వచ్చింది. ఆ పని మేము చెప్పలేదు, తనకే తోచింది. ఇప్పుడు మేము అందరికీ చెబుతున్నాము.

7. ఆరోగ్యానికి మేలేనా?

5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజూ సగటున ఒక గంట ఒళ్ళు అలసే ఆట కావాలని, పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. డెల్టాలో పూర్వం పొలం పనికి నడిచేవారు. ఇప్పుడు పక్క బజారుకు కూడా బండి. చక్కెర వ్యాధి ఓ.పి.లో "నడవండి" అని చెబితే "ఎక్కడికి నడవమంటారండీ?" అని అడిగేవారున్నారు. ఈ ఆట "ఎక్కడికి" అన్న దానికి జవాబిస్తుంది.

కాని అతిగా చెప్పరాదు. 2016లో వచ్చిన 'పోకెమాన్ గో' అనే ఫోను ఆట కూడా జి.పి.ఎస్. మీద ఆడేదే. ఆ సంవత్సరం డిసెంబరులో మన దేశంలోకీ వచ్చింది. దీనిని ఆడిన అమెరికా యువతీయువకులపై హార్వర్డు వారు చేసిన పరిశీలనలో, మొదటి వారం రోజుకు సుమారు 955 అడుగులు ఎక్కువ నడిచారని, ఆరో వారానికి మళ్ళీ పాత లెక్కకే వచ్చారని తేలింది. కొత్త చీపురు బాగా ఊడుస్తుంది. ఒక్క శనివారం ఆడి మానేస్తే ఒంటికి ఏమీ కాదు. నెలకు రెండు సార్లైనా కొత్త చోటు, కొత్త ప్రశ్న ఉండేటట్లు చూసుకుంటే నడక అలవాటవుతుంది. తెర మీదే బొమ్మ వెదికే ఆట కంటే, చివరకు తల ఎత్తి చెట్టూ గోడా వెదకవలసిన డబ్బా ఆటే మేలని మా అభిప్రాయం.

8. జాగ్రత్తలు

ఆటలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. 2018లో ప్రేగ్ నగరంలో వాననీటి సొరంగంలోకి దిగి డబ్బా వెదుకుతున్నవారు హఠాత్తుగా వచ్చిన నీటిలో కొట్టుకుపోగా ప్రాణనష్టం జరిగింది. కాబట్టి:

• కాలువ, చెరువు, బావి, ఏటి ఒడ్డున దాచవద్దు. డెల్టా కాలువలో పైకి నీరు నెమ్మదిగా కనబడినా లోపల లాగుతుంది.

• గడ్డివాము, రాళ్ళ కుప్ప, పుట్ట, చెట్టు తొర్రలో చేయి పెట్టవద్దు. కర్రతో కదిపి చూడండి. బూట్లు వేసుకోండి. చీకటి పడ్డాక ఆట వద్దు.

• మోటారు తీగలు, ట్రాన్స్‌ఫార్మరు, పొలం చుట్టూ వేసిన కంచె తీగల దగ్గరకు పోవద్దు.

• ఎండాకాలంలో ఉదయం తొమ్మిది లోపల, లేదా సాయంత్రం నాలుగున్నర తరువాత ఆడండి. నీళ్ళ సీసా, టోపీ ఉండాలి. తల తిరిగినా, వాంతి వచ్చినా వెంటనే నీడకు చేర్చండి.

• రోడ్డు మీద నడుస్తూ ఫోను చూడవద్దు. ఆగి చూడండి, ఫోను దించి నడవండి.

• ఎవరి స్థలమో వారిని అడిగి దాచండి. బస్టాండు, రైల్వే స్టేషను, ప్రార్థనా స్థలాల దగ్గర దాచవద్దు. 2007 ఆగస్టు 25న హైదరాబాదు లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి ఎంతోమంది చనిపోయారు. మూలన ఉన్న తెలియని డబ్బాను చూసి జనం భయపడడం సహజం. డబ్బా పైన లోపల ఏమున్నదీ, ఎవరు పెట్టారో స్పష్టంగా రాయండి. మీరు పెట్టింది కాని డబ్బా కనబడితే ముట్టవద్దు.

• పిల్లలు తాము ఉన్న చోటును తెలియనివారికి పంపరాదు. ముఖ్యంగా ఆడపిల్లలకు ఇది నొక్కి చెప్పండి. ఇంటి అంకెలు ఇంటివారికి, ఆపదలో సాయం చేసేవారికి మాత్రమే.

• విదేశాలలో ఉన్న పిల్లలు ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు బహుమతిగా తెస్తుంటారు. అటువంటివి మన దేశంలో అనుమతి లేకుండా వాడరాదు. వాటిని తెచ్చిన ప్రయాణికులు విమానాశ్రయాలలో చిక్కులలో పడ్డారు. మీ దగ్గరి మామూలు ఫోనే ఈ ఆటకు చాలు.

9. ఆపదలో ఈ విద్య

మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోను చేసినప్పుడు ముందు ఊరు, మండలం, జిల్లా చెప్పండి. 2022 ఏప్రిల్ 4 నుండి మన కొల్లూరు బాపట్ల జిల్లాలో ఉంది. చాలామంది అలవాటుకొద్దీ ఇంకా గుంటూరు జిల్లా అంటున్నారు. తరువాత దగ్గరి గుర్తు చెప్పండి. ఆ తరువాత అంకెలు చెప్పండి. ఫోనులోని పటం మీద మీరున్న చోట వేలు కొంచెం సేపు నొక్కి పట్టుకుంటే అంకెలు కనబడతాయి. వాట్సాప్ ఉన్నవారు లొకేషన్ పంపవచ్చు. కాని డేటా లేనప్పుడు పనికి వచ్చేది నోటితో చెప్పే అంకెలే. ఒకరు రోడ్డు మీదకు వచ్చి టార్చి లైటు పట్టుకొని నిలబడడం కూడా మరువవద్దు.

పాము కరిచినప్పుడు కట్టు బిగించి కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, నాటు మందుకు తిప్పరాదు. ధైర్యం చెప్పి, కరిచిన కాలునో చేతినో కదలకుండా ఉంచి, ఉంగరాలు, గొలుసులు తీసి, కరిచిన టైము గుర్తుపెట్టుకొని ఆసుపత్రికి తీసుకురండి. విషానికి మందు ఆసుపత్రిలోనే ఉంది.

వరద రోజులు కూడా గుర్తు చేసుకుందాము. 2009 అక్టోబరులో, మళ్ళీ 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పెసర్లంక, పోతార్లంక వంటి లంక గ్రామాలవారికి ఆ రోజుల సంగతి మేము చెప్పనక్కరలేదు. "రావిచెట్టు పక్క ఇల్లు", "పంచాయతీ కుళాయి ఎదురుగా" అని మనం చెప్పుకొనే గుర్తులన్నీ నీటి కింద ఉంటాయి. పడవలో వచ్చేవారికి ఏ చెట్టు ఏదో తెలియదు. గుర్తులు మునుగుతాయి గాని అంకెలు మునగవు. లంకలలో ప్రతి ఇంటివారు తమ ఇంటి అంకెలను, ఇంట్లో మంచం పట్టినవారు, గర్భిణులు, డయాలసిస్ చేయించుకొనేవారు ఉంటే ఆ సంగతిని, ఒక కాగితం మీద రాసి ఆశా కార్యకర్త దగ్గర ఉంచితే ఎంతో మేలు.

10. ఈ నెల ఇంటి పని

1. మీ ఇంటి గుమ్మం అంకెలు చుక్క తరువాత నాలుగు స్థానాల వరకు రాయండి. రెండు వేర్వేరు రోజులలో చూడండి. తేడా ఎంత వచ్చింది?

2. మీ పొలం మోటారు షెడ్డు లేదా పశువుల కొట్టం అంకెలు రాసి ఫోను కవరులో పెట్టండి.

3. 16.1800, 16.1810 – ఈ రెండు అక్షాంశాలకు మధ్య దూరం ఎంత? (జవాబు: సుమారు 110 మీటర్లు.)

4. పిల్లలను ముగ్గురిని చేర్చి, ఇంటి ఆవరణలోనో బడి ఆవరణలోనో ఒక డబ్బా దాచి ఆడించండి. డబ్బాలో ఒక ఆరోగ్య ప్రశ్న పెట్టండి.

5. ఇంట్లో పెద్దవారికి ఫోనులో అంకెలు ఎలా చూడాలో నేర్పండి. నేర్చుకున్న తరువాత వారితోనే ఒకసారి చదివించండి.

ఓ.పి.కి వచ్చినప్పుడు మీరు రాసిన చీటీ తీసుకురండి. అంకెలు సరిగా ఉన్నాయో లేవో మా సిస్టర్లు చూసి చెబుతారు. ఈసారి రాత్రి ఎనిమిది గంటలకు ఫోను మోగితే మేము మొదట అడిగే ప్రశ్న "మీరు ఎక్కడ ఉన్నారు?" అన్నదే. దానికి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉంటే, మా బండి నేరుగా మీ దగ్గరకే వస్తుంది.